నిలిచి చూసే కన్ను

వాతావరణ శాఖలో నాతోపాటు రాత్రి డ్యూటీలు చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మిత్రులకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి బాబూ, వచ్చి కూర్చోండి. అవి ఎవరి కోసం అట్టేపెట్టారో వాళ్ళు ఎలాగూ సన్మానం వేళకే వస్తారు.

పంచేటి కోటేశ్వరంగారి స్మృతిలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు నాకు సంతోషం కంటే బెరుకే ఎక్కువ కలిగింది. ఆయన 1915లో పుట్టారు. భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశారు, 1975లో పద్మభూషణ్ అందుకున్నారు. ఈ మాటలు ఆహ్వానపత్రిక మీద అచ్చయ్యే ఉన్నాయి కనుక వాటి దగ్గర ఆగను. ఆయన చేసిన పని గురించి చెబుతాను. నైరుతి రుతుపవనాల నెలల్లో నేల దగ్గర మనకు పడమటి గాలి తగులుతుంది. అదే సమయంలో మన నెత్తిమీద పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తున దానికి సరిగ్గా ఎదురుగా, తూర్పు నుంచి పడమటికి, ఒక గాలి నది ఉరకలేస్తుంటుంది. దాని పేరు ఉష్ణమండల తూర్పు జెట్. దాని రూపురేఖలు గీసి, టిబెట్ పీఠభూమి వేడికీ మన వానలకూ దాంతో ఉన్న సంబంధాన్ని వాదించి నిలబెట్టింది కోటేశ్వరంగారు. 1958లో టెల్లస్ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసాన్ని ఇవాళ్టికీ పరిశోధకులు ఉదహరిస్తూనే ఉన్నారు.

ఆయన చేతిలో ఉన్న సామగ్రి ఏమిటి? బెలూన్లు. రోజుకు ఏ ఒకటి రెండుసార్లో, అక్కడక్కడా ఉన్న కేంద్రాల నుంచి వదిలేవి. సముద్రం మీద అవీ లేవు. ఊళ్ళో నాలుగు బావుల నీటిమట్టం చూసి, భూమి లోపల ఊట ఏ వైపు పారుతోందో చెప్పగలిగిన మనిషి లాంటివారాయన. ఆ బావులకు బదులు ఇవాళ ఆకాశంలో ఒక కన్ను ఉంది. ఆ కన్ను గురించి మాట్లాడితే ఆయనకు నివాళి అవుతుందనిపించింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. భూస్థిర ఉపగ్రహం మీద ఉండే చిత్రణ పరికరాన్ని అందరూ అది ఎంత చిన్న వస్తువును చూడగలదో అడిగి తూకం వేస్తారు. ఆ తూకం తప్పని నా అభిప్రాయం. ఒక చోట చూపును ఎంతసేపు నిలపగలదు, మళ్ళీ ఆ చోటికి ఎంత త్వరగా తిరిగి రాగలదు, ఈ రెండే అడగాలి. గత అరవై ఏళ్ళలో ఈ పరికరాల్లో వచ్చిన ప్రతి మార్పూ ఆ రెంటి కోసం పడిన పాటే. అంచెలంచెలుగా చెబుతాను, ఓపిక పట్టండి.

ఒకటి: దూరం ఖరీదు

భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వస్తువు భూమితో సమానంగా రోజుకొక చుట్టు చుడుతుంది. కింద నుంచి చూసేవాడికి అది కదలనట్టే ఉంటుంది. చంద్రుడికి పోయే దారిలో అది పదోవంతుకు కాస్త తక్కువ. అక్కడి నుంచి భూమి ఎంత కనిపిస్తుంది? చేయి చాచి బొటనవేలు, చిటికెనవేలు విప్పి పట్టుకోండి. జానెడు. కొలతలో చెప్పాలంటే 17 డిగ్రీలు దాటి కాస్త. మన ఖండాలు, సముద్రాలు, రుతుపవనాలు, ఎన్నికలు అన్నీ ఆ జానెడులోనే.

ఆ జానెడులో ఒక కిలోమీటరు ముక్కను విడిగా గుర్తించడమంటే, కిలోమీటరు దూరాన ఉన్న రూపాయి బిళ్ళను గుర్తించడం లాంటిది. ఇది విని విద్యార్థులు అబ్బో అంటారు. నిజానికి కష్టం అక్కడ లేదు, మంచి అద్దం ఉంటే బిళ్ళ కనిపిస్తుంది. కష్టమంతా వెలుగు చాలకపోవడంలో ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మనది దాదాపు నలభై రెండు రెట్లు దూరం. దూరం పెరిగినకొద్దీ వెలుగు వర్గ నిష్పత్తిలో పలచబడుతుంది కనుక, అదే అద్దంతో అదే నేల ముక్కను చూస్తే ఇక్కడికి చేరేది అక్కడ చేరినదాంట్లో పదిహేడు వందల వంతుకు లోపే. పరారుణ కిరణాలైతే మరీ. చుక్క చుక్కగా కారే కుళాయి కింద బిందె పెట్టినవాడికి రెండే దారులు. బిందెను ఎక్కువసేపు ఉంచాలి, లేదా ఎక్కువ బిందెలు పెట్టాలి. ఈ సంగతి గుర్తుంటే మిగతా ఉపన్యాసమంతా సులువు.

రెండు: బొంగరం

కోటేశ్వరంగారు పుట్టిన 1915లోనే అమెరికాలో మినసోటా రాష్ట్రపు గనుల ఊరు ఎవెలెత్‌లో వర్నర్ సువోమి పుట్టారు. ఇదేదో జాతకాల విషయమని చెప్పడం లేదు, ముచ్చటగా ఉందని చెప్పాను. సువోమి పీహెచ్‌డీ చేసింది మొక్కజొన్న చేను మీద. చేనుకు వచ్చే వేడి ఎంత, పోయే వేడి ఎంత అని జమాఖర్చు వేశారు. చేను లెక్క తేల్చినవాడికి భూగోళం లెక్క మీదికి మనసు పోవడం సహజమే.

ఆ రోజుల్లో ఉపగ్రహం ఒరిగిపోకుండా ఉండాలంటే దాన్ని బొంగరంలా తిప్పేవారు, నిమిషానికి వంద చుట్లు. తిరిగే బొంగరం మీద కెమెరా పెడితే బొమ్మ అలుక్కుపోతుంది కదా అని అందరూ అనుకునే చోట సువోమి, ఆయన సహచరుడు రాబర్ట్ పేరెంట్ ఎదురు ఆలోచన చేశారు. తిరగడమే మనకు కావలసినది అన్నారు. బొంగరం ఒక్క చుట్టు తిరిగేసరికి కెమెరా చూపు భూమి మీద పడమర తూర్పుల మధ్య ఒక గీత గీస్తుంది. తర్వాతి చుట్టుకు చూపును వెంట్రుకవాసి వంచితే పక్క గీత వస్తుంది. గీత పక్కన గీత పేర్చుకుంటూ పోతే బొమ్మ. కుమ్మరి సారె తిరుగుతుంటే వేలు కాస్త కాస్త పైకి జరిపి కుండ లేపినట్టు. ఈ పరికరం 1966 డిసెంబరు 7న ఏటీఎస్-1 ఉపగ్రహం మీద పసిఫిక్ పైకి వెళ్ళింది. దాదాపు ఇరవై నిమిషాలకొక బొమ్మ, నలుపు తెలుపుల్లో. మరుసటి ఏడు నవంబరులో ఏటీఎస్-3 రంగుల్లో చూపించింది.

ఈ ఉపాయం అందమైనది, కానీ ఖర్చు దారుణం. యూరప్ వారి మొదటి మెటియోశాట్‌ను తీసుకుని లెక్క వేద్దాం. వంద చుట్ల వేగం, 2,500 గీతలు, కనుక బొమ్మకు 25 నిమిషాలు. భూమి జానెడే, చుట్టూ ఉన్నది 360 డిగ్రీల శూన్యం. ఆ 25 నిమిషాల్లో కెమెరా భూమి వైపు చూసింది ఎంతసేపు? 72 సెకన్లు. మిగతా 23 నిమిషాల 48 సెకన్లూ అది నక్షత్రాలను చూస్తోంది. ఒక్కో చుక్కకు, అంటే పిక్సెల్‌కు, దక్కింది సెకనులో పది లక్షల వంతులు ఓ పన్నెండు. అందుకే ఆ కాలపు పరికరాల్లో పరారుణ చిత్రం ముతకగా ఉండేది. 1974లో మొదలైన అమెరికన్ శ్రేణిలో వెలుగు బొమ్మ కిలోమీటరు మేర నాణ్యంగా ఉంటే, వేడి బొమ్మ ఏడెనిమిది కిలోమీటర్ల ముద్ద.

మెటియోశాట్-1 ఎగిరింది 1977 నవంబరు 23న. ఆ తేదీ వినగానే ఈ సభలో కొందరి ముఖాలు మారాయి. అవును, దివిసీమ ఉప్పెన నవంబరు 19న. నాలుగు రోజుల తేడా. ఆ ఉపగ్రహం ముందే వెళ్ళి ఉంటే అవనిగడ్డ, నాగాయలంక బతికేవని నేను అనను. అది నిలిచింది ఆఫ్రికా పక్కన సున్నా రేఖాంశం మీద, బంగాళాఖాతం దాని కంట పడదు. కానీ పదివేల ప్రాణాలు పోయిన ఆ రాత్రి మన సముద్రం మీద నిలిచి చూసే మన కన్ను ఒక్కటీ లేదన్నది మాత్రం నిజం. ఆ తర్వాత 1979లో ప్రపంచ వాతావరణ ప్రయోగం కోసం అమెరికావారు తమ గోస్-1ను జరిపి హిందూ మహాసముద్రం పైన ఏడాది పాటు ఉంచారు. అరువు కన్ను. పని అయిపోగానే అది పోయింది.

మూడు: ఒంటిరెక్క

ఇక మన కథ. ఇన్శాట్-1 గురించి ఆలోచించినవారికి ఒకే ఉపగ్రహంతో మూడు పనులు కావాలి: టెలిఫోను, టెలివిజన్, వాతావరణం. టీవీకి పెద్ద యాంటెన్నా ఎప్పుడూ ఊళ్ళవైపే తిరిగి ఉండాలి, బోలెడు కరెంటు కావాలి. బొంగరంతో ఆ పని కాదు. కనుక మూడు అక్షాల మీదా నిలకడగా, ముఖం ఎప్పుడూ భూమివైపే ఉండే ఉపగ్రహం కట్టించారు. నిజం చెప్పుకుందాం, మన మేఘాల పరికరానికి నిలకడ చూపు దక్కింది టీవీ పుణ్యాన. చిత్రలహరి చూసినవాళ్ళందరికీ వాతావరణ శాఖ రుణపడి ఉంది.

రోజువారీ వాతావరణ సేవలో ఇలాంటి నిలకడ వేదిక మీద భూస్థిర చిత్రణ పరికరాన్ని మొదట వాడింది మనమే. ఈ మాట మనవాళ్ళు తగినంత గట్టిగా చెప్పుకోలేదు. అమెరికా తన గోస్ శ్రేణిని ఈ పద్ధతికి మార్చింది 1994లో, గోస్-8తో. దానికి ముందు వాళ్ళ కార్యక్రమం ఆలస్యమై, చేతిలో గోస్-7 ఒక్కటే మిగిలి, యూరప్ నుంచి మెటియోశాట్-3ను అరువు తెచ్చుకున్నారు. అరువు మనకే కాదు, అందరికీ తప్పలేదు.

ఇన్శాట్-1 రూపం చూడండి. అందరి ఉపగ్రహాలకూ రెండు రెక్కలుంటాయి, చెరోవైపు సౌరఫలకాలు. దీనికి ఒకటే, దక్షిణం వైపు. ఉత్తరం వైపు పొడవాటి కర్ర చివర ఒక చిన్న తెరచాప. ఎందుకంటే పరారుణ డిటెక్టర్‌ను చల్లబరిచే కూలర్ ఉత్తర ముఖాన ఉంది. దాని ఎదుట వెచ్చటి సౌరఫలకం ఉంటే కుదరదు, శుద్ధ శూన్యం కనబడాలి. కానీ ఒకవైపే రెక్క ఉంటే సూర్యకాంతి తోపుకు ఉపగ్రహం మెల్లగా తిరిగిపోతుంది. కాంతికి తోపు ఏమిటని నవ్వకండి, ఏడాది పొడుగునా తోస్తే చాలు. ఆ తోపును సరితూచడానికి అటువైపు తెరచాప. పల్లెలో కావడి మోసేవాడు ఒకవైపు కుండ ఖాళీ అయితే రాయి పెట్టుకున్నట్టు.

1982 ఏప్రిల్‌లో వెళ్ళిన ఇన్శాట్-1ఎకి ఆ తెరచాప విచ్చుకోలేదు. కొద్ది నెలలకే ఉపగ్రహం చేజారింది. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ షటిల్ మోసుకెళ్ళిన 1బి మాత్రం ఏడేళ్ళ దాకా నిలిచి మనల్ని కాచింది. దాని వెలుగు బొమ్మ 2.75 కిలోమీటర్లు, వేడి బొమ్మ 11 కిలోమీటర్లు. ఈనాటి పిల్లలు చూస్తే ఇదేం బొమ్మంటారు. 1990 మేలో మచిలీపట్నం వైపు వచ్చిన తుపాను ఈ ముతక బొమ్మలోనే రోజుల తరబడి కనిపించింది. దాని తీవ్రతను 1977 తుపానుతో పోల్చేవారు, ప్రాణనష్టం మాత్రం వెయ్యి లోపే. ఆ ఘనత మొత్తం ఉపగ్రహానికి కట్టబెట్టకూడదు. లక్షల మందిని లారీలెక్కించి తరలించిన రెవెన్యూ సిబ్బందిది, తుపాను షెల్టర్లు కట్టినవారిది, 1977 గుర్తున్న ముసలివాళ్ళది. కానీ ఎప్పుడు కదలాలో చెప్పడానికి ఒక కన్ను ఉండాలి. పదకొండు కిలోమీటర్ల ముద్ద బొమ్మ అయినా, అరగంటకొకటి వచ్చే అవకాశం ఉంది కనుక పనికొచ్చింది.

నాలుగు: చలి

కూలర్ అన్నాను కదా. వేడిని కొలిచే డిటెక్టర్ తానే వెచ్చగా ఉంటే ఏం కొలుస్తుంది? మన పొయ్యి పక్కన కూర్చుని ఎదురింటి పొయ్యి సెగ కొలిచినట్టవుతుంది. అందుకని దాన్ని సున్నాకు దిగువన దాదాపు 170 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరుస్తారు. మన ఇన్శాట్‌లలో దీనికి కరెంటు యంత్రం ఉండదు. శూన్యంవైపు తెరిచిన ఒక గరాటు లాంటిది ఉంటుంది, వేడి దానంతటది ఆకాశంలోకి పోతుంది. డిటెక్టర్ చల్లగా ఉంటే దాని లోపలి రొద తగ్గుతుంది. రొద తగ్గితే అంతే వెలుగులో ఎక్కువ సంగతి వినబడుతుంది. అంటే చలి కూడా ఒక రకంగా చూపుకు దొరికిన అదనపు సమయమే.

ఇక్కడ సూర్యుడితో తగువు. ఏడాదిలో సగం సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరాన, సగం దక్షిణాన. కూలర్ ఏ వైపు పెట్టినా ఆరు నెలలు ఎండ పడుతుంది. ఇన్శాట్-3డితో మనవాళ్ళు దీనికి చేసిన ఏర్పాటు నాకెంతో ఇష్టం. ఏడాదికి రెండుసార్లు ఉపగ్రహం మొత్తం నిలుచున్న చోటే సగం చుట్టు తిరిగి నిలబడుతుంది. కూలర్ ఎప్పుడూ నీడలోనే. పంచాంగం తెలిసిన పెద్దలు ఇవి ఉత్తరాయణ దక్షిణాయనాలా అని అడుగుతారు. కాదండీ, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల లెక్క ఇది.

ఆ విషువత్తుల దగ్గరే ఇంకో చిక్కు. అప్పుడు కొన్ని వారాల పాటు అర్ధరాత్రి వేళ సూర్యుడు సరిగ్గా భూమి వెనక్కి వస్తాడు. గంటకు పైగా ఉపగ్రహం నీడలో మునుగుతుంది. నీడకు ముందూ వెనకా సూర్యుడు భూమి అంచు మీద నుంచి నేరుగా టెలిస్కోపులోకి తొంగి చూస్తాడు. బొమ్మ పాడవుతుంది, కొన్ని బొమ్మలు తీయడమే మానుకోవాలి. రెండో విషువత్తుకు ఈ కాలం సెప్టెంబరు మొదలు అక్టోబరు సగం దాకా. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12 రాత్రి. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. తుపానుకు గ్రహణాల క్యాలెండర్ తెలియదు. ఒకే రేఖాంశం మీద ఒకే కన్ను చాలదని నేను వాదించేది ఇందుకే. పక్క రేఖాంశం మీద ఉన్నదాని అర్ధరాత్రి వేరే నిమిషంలో వస్తుంది.

చలి దగ్గర అగ్రరాజ్యమూ తడబడింది. 2018లో వెళ్ళిన గోస్-17 మీద ప్రపంచంలోకెల్లా మేటి పరికరం ఉంది. వేడిని బయటికి మోసే గొట్టం సరిగా పనిచేయక, కొన్ని నెలల్లో రాత్రిపూట డిటెక్టర్లు వెచ్చబడి కొన్ని తరంగదైర్ఘ్యాల బ్యాండ్లు గుడ్డివయ్యేవి. చివరికి గోస్-18ను ఆ స్థానంలో నిలబెట్టారు.

ఐదు: తెలుపు అంటే చలి

టీవీలో వాతావరణ వార్తల్లో కనిపించే తెల్లటి మేఘం ఫొటో అనుకుంటారు చాలామంది. రాత్రి పదింటికి తీసిన బొమ్మలో మేఘం తెల్లగా ఎలా ఉంది అని ఎవరూ అడగరు. అది వేడి కొలత. 11 మైక్రాన్ల దగ్గర మేఘం పైభాగం విడిచే కిరణాలను కొలిచి, ప్లాంక్ సూత్రంతో ఉష్ణోగ్రతగా మార్చి, ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా వేస్తారు. ఎత్తుకు పోయినకొద్దీ చలి కనుక, తెల్లనిది ఎత్తైనదని అర్థం. సున్నాకు దిగువన 70, 80 డిగ్రీలు ఉన్న తెలుపు కనిపిస్తే కింద గొడుగులు చాలవు. ప్రతి కొలతకూ సాక్షులు కావాలి. పరికరం మాటిమాటికీ ఒకసారి శూన్యాన్ని చూసి, ఒకసారి తనలోనే ఉన్న తెలిసిన వేడిగల నల్లటి పలకను చూసి, తన తక్కెడ సరిచూసుకుంటుంది. వెలుగు బ్యాండ్‌కు ఆ పలక పనికిరాదు, దానికి కచ్ రణ్‌లోని తెల్లటి ఉప్పునేల మీద మన శాస్త్రజ్ఞులు నిలబడి కొలిచి సరిచూస్తారు.

చూపుకు సమయం దక్కినకొద్దీ బ్యాండ్లు పెరిగాయి. ఒక్కో బ్యాండ్ ఒక్కో ప్రశ్న. 6.7 మైక్రాన్ల దగ్గర నీటి ఆవిరి కిరణాలను మింగేస్తుంది, నేల అసలు కనబడదు, మేఘం లేని చోట కూడా పైగాలి ఎటు పోతోందో కనబడుతుంది. మెటియోశాట్-1 ఇది మొదటగా చూపింది, మనకు 1999లో ఇన్శాట్-2ఇతో దక్కింది. 3.9 దగ్గర సన్నటి నీటి తుంపరలు కాస్త తక్కువ కిరణాలు విడుస్తాయి. రాత్రిపూట దీన్ని 11 మైక్రాన్లతో పోల్చి తీసివేస్తే గంగా మైదానం మీద పొగమంచు దుప్పటి తెల్లారేలోపే బయటపడుతుంది. ఢిల్లీ నుంచి వచ్చే రైలు పన్నెండు గంటలు ఆలస్యమని స్టేషన్లో కూర్చున్నవాళ్ళు పొగమంచును తిట్టుకున్నా, సంగతి ముందే తెలుస్తుంది.

అమెరికన్ శాస్త్రజ్ఞుడు వెర్నన్ డ్వొరాక్ 1970లలో ఈ బొమ్మల్లో తుపాను ఆకారాన్ని, కంటి వేడిని, చుట్టూ ఉన్న చలిని చూసి తీవ్రతకు మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. టి-1 నుంచి టి-8 దాకా. విమానం పంపి తుపానును కొలిచే స్తోమత లేని మన సముద్రాలకు నేటికీ అదే ఆధారం.

ఈ వేడి లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఉపన్యాసం ప్రకటన అవుతుంది. 2022 జనవరి 15న పసిఫిక్‌లో టోంగా దగ్గర సముద్రంలోని అగ్నిపర్వతం పేలింది. దాని పొగ స్ట్రాటోస్ఫియర్‌లోకి లేచింది. అక్కడ ఎత్తుతోపాటు చలి పెరగదు కనుక ఉష్ణోగ్రతను బట్టి ఎత్తు చెప్పలేరు. అప్పుడు జపాన్ హిమవరి-8తో సహా మూడు భూస్థిర ఉపగ్రహాలు వేరువేరు కోణాల నుంచి తీసిన బొమ్మల్లో ఆ పొగ ఎంత పక్కకు జరిగినట్టుందో కొలిచి ఎత్తు కట్టారు. 57 కిలోమీటర్లు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి వేలిని చూసే చిన్నపిల్లల ఆటే ఇది. అదే జరుగుడు మనకూ ఉంది. విశాఖ పైన పదిహేను కిలోమీటర్ల ఎత్తున్న మేఘపు తల మన ఉపగ్రహం బొమ్మలో ఐదారు కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి కనిపిస్తుంది. ఫోన్‌లో బొమ్మ చూసి మా వీధి మీదే మేఘం లేదని వాదించేవాళ్ళు గమనించాలి.

ఆరు: తిరిగి రావడం

నేను కొలువులో చేరిన కొత్తలో బొమ్మలు తడి ఫొటో కాగితం మీద వచ్చేవి. ఆరబెట్టి, కింద దీపం ఉన్న గాజుబల్ల మీద రెండు బొమ్మలు ఒకదానిపై ఒకటి పెట్టి, ఈ మేఘం ఇక్కడి నుంచి ఇక్కడికి జరిగింది అని పెన్సిలుతో బాణం గీసేవాళ్ళం. బాణం పొడవును గంటలతో భాగిస్తే గాలి వేగం. ఒక రాత్రి మధ్యలో రావలసిన బొమ్మలు రాలేదు, మూడు గంటల తేడాతో ఉన్న రెంటినే వాడి ఎంతో శ్రద్ధగా బాణం గీశాను. తెల్లవారి బెలూన్ చెప్పిన గాలి దానికి ఎదురు దిశ. నేను పట్టుకున్న రెండో మేఘం మొదటిది కాదు. మొదటిది ఎప్పుడో కరిగిపోయింది, పక్కన కొత్తది పుట్టింది. తిరునాళ్ళలో పిల్లాడి చేయి వదిలి మూడు గంటలయ్యాక అదే రంగు చొక్కా వేసుకున్న ఇంకొకడి చేయి పట్టుకున్నట్టు.

ఆ రోజు నుంచి నాకు చిన్న పిక్సెల్ మీద మోజు పోయింది. మేఘం పుట్టి పెరిగి కరిగే కాలం కంటే తొందరగా తిరిగి రాకపోతే ఎంత నిశితమైన చూపూ వృథా. ఈ మేఘ గమన గాలులను ఇప్పుడు కంప్యూటర్లు వరసగా మూడు బొమ్మలను పోల్చి కడుతున్నాయి. సముద్రం మీద, బెలూన్ లేని చోట్ల, ఇవే గాలిపటాలు.

తిరిగి రావడంలో విప్లవం 2014లో హిమవరి-8తో వచ్చింది. పదహారు బ్యాండ్లు, పది నిమిషాలకొక పూర్తి భూగోళం. అదే కుటుంబానికి చెందిన అమెరికన్ పరికరం 2016 నుంచి గోస్-16 మీద ఉంది, తుపాను ముక్క ఒక్కదాన్నే కావాలంటే అర నిమిషానికొకసారి చూస్తుంది. రహస్యమేమిటంటే బిందెలు పెంచారు. బ్యాండ్‌కు వందల డిటెక్టర్లు నిలువు వరసగా పేర్చి, ఒక్కో ఊడ్పులో ఐదు వందల కిలోమీటర్ల వెడల్పు తీస్తారు. భూగోళం మొత్తానికి 22 ఊడ్పులు. పాతవి పుల్లతో ముగ్గు గీత గీస్తే, ఇది చీపురుతో వాకిలి ఊడ్చడం.

ఏడు: మన లెక్క

వాతావరణ ఉపగ్రహం కల్పన-1ను 2002లో, ఇన్శాట్-3డిఆర్‌ను 2016లో, 3డిఎస్‌ను 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచే పంపాం. 3డి శ్రేణి చిత్రణ పరికరానికి ఆరు బ్యాండ్లు, వెలుగులో కిలోమీటరు, వేడిలో నాలుగు, నీటి ఆవిరిలో ఎనిమిది. పూర్తి బొమ్మకు 26 నిమిషాలు. 74, 82 డిగ్రీల మీద ఉన్న రెంటినీ పదిహేను నిమిషాల తేడాతో నడిపి, చూపును పావుగంటకొకటి చేశారు. ఉన్నదాంతో ఇల్లు దిద్దుకునే ఇల్లాలి తెలివి అది. నేను మెచ్చుకుంటాను.

కానీ పొరుగున జపాన్, కొరియా, చైనా పది పదిహేను నిమిషాల్లో పద్నాలుగు, పదహారు బ్యాండ్లతో చూస్తున్నాయి. 2022లో యూరప్ కూడా అటే వెళ్ళింది. పిడుగుల మేఘం మన తెలంగాణ జిల్లాల మీద ఏప్రిల్ సాయంత్రం పుట్టి మామిడి రాల్చి కరగడానికి గంట చాలు. గొర్రెల కాపరి చెట్టు కిందికి పోవడానికి ముందే అది తెలియాలి. దానికి పావుగంట చూపు ఎక్కువ ఎడం. రాబోయే మన పరికరం గురించి ఎవరైనా ఎన్ని మీటర్ల నాణ్యమని గొప్ప చెబితే, ఎన్ని నిమిషాలకొకసారి అని తిరిగి అడగండి. కొత్త పరికరానికి నిధులు కేటాయించే పెద్దలకు నా విన్నపం కూడా ఇదే: డిటెక్టర్ల వరసల మీద, వాటి చలి మీద ఖర్చు పెట్టండి. మెగాపిక్సెళ్ళ పోటీ ఫోన్లవాళ్ళకు వదిలేయండి.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం నడిపే మోస్‌డాక్‌లో ఇన్శాట్ బొమ్మలు ఎవరైనా చూడవచ్చు. వచ్చే జూలైలో ఏదైనా మధ్యాహ్నం, నాలుగు గంటల పాటు వచ్చిన బొమ్మలు వరసగా పేర్చి కదిలించండి. బంగాళాఖాతం మీద లేచిన పెద్ద మేఘం తల నుంచి పలచటి తెల్లటి తోక ఒకటి సాగుతుంది. కింది గాలి తూర్పుకు తోస్తుంటే ఆ తోక పడమటికి పోతుంది. దాన్ని తోసేది కోటేశ్వరంగారి జెట్.